ఆరో నంబరు సీసా

3 జనవరి 2008, గురువారం

ఈ డైరీ ఫ్యాక్టరీ వాళ్ళు ఇచ్చింది. ప్రతి పేజీ కింద వాళ్ళ పేరు, పక్కన ఒక పచ్చని ఆకు బొమ్మ. మందుల ముడిసరుకు తయారుచేసే వాళ్ళకి ఆకుల మీద అంత ప్రేమ ఎందుకో. పదిహేడేళ్ళుగా ఏటా ఇలాంటివి నాలుగైదు వస్తూనే ఉన్నాయి. ప్రేమమణి వాటిని బడికి పట్టుకెళ్ళి తోటి టీచర్లకి పంచేస్తుంది. ఈసారి ఒకటి అడిగి ఉంచుకున్నాను. "మీరు డైరీ రాస్తారా?" అని నవ్వింది. ఏమో, రాస్తానేమో.

మా ఆఫీసు నుంచి నీటి పరీక్షల మూడో సీజన్ రిపోర్టు మంగళవారం వెళ్ళాలి. కాలుష్య నియంత్రణ బోర్డు ఉత్తర్వులో తికమక ఏమీ లేదు. ఫ్యాక్టరీ తన పక్కన ఉన్న కొత్తకుంట బస్తీకి రోజూ ట్యాంకరుతో తాగునీళ్ళు పోయాలి. బస్తీ బోరు నీళ్ళు వరసగా మూడు సీజన్లు బాగున్నాయని తేలితే ట్యాంకరు ఆపుకోవచ్చు. ఎండాకాలం బాగున్నాయి, వానాకాలం బాగున్నాయి, ఇప్పుడు చలికాలం. ఆరు చోట్ల నీళ్ళు పట్టిస్తాం, ఆరు సీసాలు. ఐదు ఫ్యాక్టరీ గోడ చుట్టూ. ఆరోది బస్తీ కుళాయి దగ్గర.

ఐదు సీసాల్లో లవణాలు తాగే నీళ్ళ హద్దు రెండు వేలు దాటాయి. ఆరోదాంట్లో రెండు వందల ముప్పై.

ఈ ఏడు వానలు బాగా పడ్డాయి. అదే కారణం అయి ఉంటుంది.

4 జనవరి

తుకారాం ఫీల్డు పుస్తకం తెచ్చి నా బల్ల మీద పెట్టి కదలకుండా నిలబడ్డాడు. ఇరవై రెండేళ్ళుగా ఈ ఆఫీసుకి శాంపిళ్ళు పట్టుకొస్తున్నది ఆయనే. నాకంటే వయసులో పెద్ద, రిటైరవడానికి ఇంకా రెండేళ్ళుంది. ఆరో నంబరుకి ఎదురుగా ఆయన చేతిరాతతో ఉంది: "చుక్కలేస్తే పసుపు." అంటే క్లోరిన్. భూమిలోంచి వచ్చిన నీళ్ళలో క్లోరిన్ ఉండదు. శుభ్రం చేసి గొట్టాల్లోకి వదిలిన ఊరి నీళ్ళలోనే ఉంటుంది.

"సార్, ఆరో నంబర్‌ది బోరు పానీ కాదు. మోటరు కాలిపోయి ఏడాది దాటింది. ట్యాంకర్ రాంగనే బిందెల కాడ లొల్లి అయితుందని, ఆడోళ్ళు మీదున్న ట్యాంకుల పోయించుకుంటున్నరు. గా నల్లాకెల్లే పట్టిన."

"మరి సీసా ఎందుకు నింపారు?"

"ఆరు తెమ్మన్నరు, ఆరు తెచ్చిన. ఎండకాలంల సుత చెప్పిన గద సార్. బోరు మీద ట్యాంకే గద, బోరు పేరే రాయుండ్రి అన్నరు మీరు."

నేను అలా అన్నానా? గుర్తు లేదు.

బోరు నీళ్ళ ఫారంలో క్లోరిన్‌కి గడి లేదు. ఎక్కడ రాయమంటారు? సీసాలో ఏముందో అదే రాశాం, అంతకంటే మన పని ఏముంది.

8 జనవరి

రిపోర్టు వెళ్ళింది. నూట నలభై పేజీలు. స్పైరల్ బైండింగ్ ముచ్చటగా వచ్చింది.

9 జనవరి

తుకారాం ఈ రోజు నాతో టీకి రాలేదు.

28 జనవరి, సోమవారం

ట్యాంకరు ఆపడానికి అనుమతి వచ్చింది. మా యజమాని నరసరాజుగారు స్వీట్ల డబ్బా తెచ్చి బల్లబల్లకీ తిరిగారు. ఆయన సంతోషిస్తే గోదావరి యాస ఇంకాస్త పొంగుతుంది. "దేవానందంగారి సంతకం ఉంటే బోర్డులో ఫైలు ఆగదండీ! మన మారేడుపల్లి మొత్తానికీ ఇలాంటి ఇంజనీరు ఇంకోడు లేడండీ!" అని అందరికీ వినబడేలా అన్నారు.

నేను ఒక కాజా తిన్నాను. ఇంకొకటీ తిన్నాను.

తుకారాం తనకిచ్చింది కాగితంలో చుట్టి జేబులో పెట్టుకున్నాడు. మనవరాలికేమో. తినలేదు మాత్రం.

6 ఫిబ్రవరి, బుధవారం

లెంట్, ఈస్టరు ముందు ఉపవాస రోజులు, మొదలయ్యాయి. ఈ నలభై రోజులూ టీ మానేస్తానని ప్రేమమణితో అన్నాను. "మీరు టీ మానేస్తే ఎవరికి లాభం?" అంది. ఆవిడ బడిలో ఇంగ్లీషు చెబుతుంది, ఇంట్లో కూడా ప్రశ్న వదలదు.

14 ఫిబ్రవరి

ఫ్యాక్టరీ నుంచి ఫొటోలు వచ్చాయి, వార్షిక నివేదికలో వేయాలట. వాళ్ళ ఖర్చుతోనే బస్తీ బోరుకి కొత్త మోటారు బిగించి, కొబ్బరికాయ కొట్టారు. ఫొటోలో ఒక పెద్దావిడ కుళాయి తిప్పుతోంది, వెనక ఆడవాళ్ళు చప్పట్లు కొడుతున్నారు. కుళాయి పాతదే, పైన ట్యాంకు పాతదే. నీళ్ళే వేరు.

ఆ పెద్దావిడ లచ్చమ్మ. వానాకాలం నేను ఒకసారి వెళ్ళినప్పుడు స్టూలు తుడిచి కూర్చోబెట్టింది ఆవిడే.

ఫొటో కింద ఏదైనా రాయమన్నారు. "పరిశుభ్రమైన భూగర్భ జలం, సంతోషంగా ప్రజలు" అని రాసి పంపాను. పది నిమిషాల్లో పని అయిపోయింది.

15 ఫిబ్రవరి

సీసాలో ఏముందో అదే రాశాం.

2 మార్చి, ఆదివారం

చర్చి నుంచి వచ్చేసరికి తుకారాం గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. చిలకలగూడ నుంచి బోయిన్‌పల్లి దాకా రెండు బస్సులు మారి వచ్చాడు, చేతిలో కూల్‌డ్రింకు సీసా. సెలవు రోజున తన సొంతానికి కొత్తకుంట వెళ్ళాడట.

"లచ్చమ్మ ఫోన్ చేసింది సార్. పానీ వాసన వస్తున్నది, అన్నం పచ్చగ అయితున్నదని. నేనే పోయి చూసిన. మోటరు షురూ చేసి అర్ధగంట ఇడిసి పట్టిన. మీరు జెర చూడుండ్రి."

మూత తీసి వాసన చూశాను. చూడాల్సిన పని లేదు, అప్పటికే తెలిసింది.

ప్రేమమణి ఆయనకి అన్నం పెట్టింది. తుకారాం తింటూ మంచినీళ్ళు మూడు గ్లాసులు తాగాడు. నేను ఎందుకు లెక్కపెట్టానో తెలియదు.

3 మార్చి

ల్యాబులో ఎవరూ లేనప్పుడు నేనే పరీక్ష చేశాను. లవణాలు రెండు వేల ఆరు వందలు. తక్కినవి రాయను. ఇది నియమం ప్రకారం పట్టిన శాంపిల్ కాదు. కూల్‌డ్రింకు సీసా, ఐసు లేదు, చీటీ లేదు, తేదీ లేదు. కోర్టులో నిలబడదు. బోర్డులో నిలబడదు.

కాగితం చించేశాను.

5 మార్చి

తుకారాం అడిగాడు, "ఏమొచ్చింది సార్?" అని. "ఇంకా చూడలేదు" అన్నాను.

ఆయన "సరే సార్" అన్నాడు. నా మొహం చూసి అన్నాడు. ఆయనకి తెలుసు.

18 మార్చి, మంగళవారం

ఎవరికీ చెప్పకుండా కొత్తకుంట వెళ్ళాను. డెబ్భై ఇళ్ళు. కోళ్ళ ఫారాల్లో, ఫ్యాక్టరీలోనే కూలి పనుల్లో ఉంటారు అందరూ. లచ్చమ్మ నన్ను గుర్తుపట్టి, మళ్ళీ స్టూలు తుడిచింది. ఇంటి ముందు ఉతికి ఆరేసిన బట్టలన్నీ తుప్పు రంగులో ఉన్నాయి.

"ఏందీ సారూ, గిట్లయింది? బోరు పానీ మంచిగున్నదని కాయితం వచ్చిందంట గద. సర్పంచు సదివి ఇనిపించిండు. పెద్ద చదువులోళ్ళు చూసిండ్రు, మనకేం తెలుస్తది అన్నడు. మా కోడలు బాలమ్మకి ఏడో నెల. ఏది తిన్నా కడుపుల నిలుస్తలేదు దానికి. పానీ కాసి తాపుతున్న. కాస్తే మంచిగైతది గద సారూ?"

కాస్తే సూక్ష్మజీవులు చస్తాయి. ఇందులో ఉన్నవి కాస్తే చావవు, నీళ్ళు ఆవిరై ఇంకా చిక్కబడతాయి. నాకు వచ్చిన ఇంజనీరింగ్ అంతా ఈ ఒక్క ముక్కలో ఉంది. నోరు తెరిచి చెప్పడానికి అర నిమిషం పట్టదు.

"మంచిదే, కాయండి" అన్నాను.

ఎందుకలా అన్నాను? కాయొద్దంటే ఎందుకని అడుగుతుంది. ఎందుకో చెబితే కాగితం ఎవరు రాశారని అడుగుతుంది. ఆవిడ నా చేతులు పట్టుకుని, "మీరు వచ్చి చూసి పోయిండ్రు, అదే సాలు" అంది. బాలమ్మ గడపలో కూర్చుని పప్పు ఏరుతోంది, నన్ను చూసి కొంగు సర్దుకుంది. ఇరవై రెండేళ్ళు కూడా ఉండవు.

దారిలో కారు ఆపుకుని కాసేపు కూర్చున్నాను. సిగ్గుగా ఉంది. ఇంత పచ్చిగా ఎప్పుడూ రాసుకోలేదు.

21 మార్చి, గుడ్ ఫ్రైడే

సిలువ మీద యేసు పలికిన ఏడు మాటల్లో నాకు ఐదోది ఇచ్చారు, ఇరవై నిమిషాలు మాట్లాడమన్నారు. నెల ముందే ఇచ్చారు. దాహం గురించి.

గొంతు పట్టేసిందని పొద్దున పాస్టరుగారికి ఫోన్ చేశాను. నా బదులు అబ్రహాంగారు మాట్లాడారు. బాగా మాట్లాడారు.

25 మార్చి

టీ మళ్ళీ మొదలుపెట్టాను.

31 మార్చి

ఈ వారం బోర్డుకి ఉత్తరం రాస్తాను.

7 ఏప్రిల్

ఈ వారం తప్పకుండా.

10 ఏప్రిల్, గురువారం

బాలమ్మకి నెలలు నిండకుండానే నొప్పులు వచ్చాయట. మగపిల్లాడు. ఏడవలేదట.

తుకారాం చెప్పాడు, మెట్ల దగ్గర, నా వంక చూడకుండా. "లచ్చమ్మ పానీ కాసి కాసి తాపింది సార్. సారు సుత కాయుమన్నడని చెప్పింది నాకు."

డాక్టరు నీళ్ళ వల్ల అని చెప్పలేదు. రక్తం తక్కువ అన్నాడట. రక్తం తక్కువైతే కూడా ఇలా జరుగుతుంది, చాలామందికి జరుగుతుంది. డాక్టరు నీళ్ళ వల్ల అని చెప్పలేదు.

11 ఏప్రిల్

చెప్పలేదు.

15 ఏప్రిల్, మంగళవారం

నరసరాజుగారి గదిలో తలుపు వేసి అంతా చెప్పాను. మోటారు కాలిపోయిన సంగతి, ట్యాంకు సంగతి, మూడు సీజన్లూ మేం పరీక్షించింది ఫ్యాక్టరీ ట్యాంకరు నీళ్ళేనన్న సంగతి. ట్యాంకరు నీళ్ళు బాగున్నాయని రాసి, ఆ రాతతోనే ట్యాంకరు ఆపించాం. పైకి అనేసరికి నాకే నవ్వొచ్చేలా ఉంది. నవ్వలేదు లెండి.

ఆయన చాలాసేపు పెన్ను మూత తీసి పెడుతూ ఉన్నారు. చెడ్డవాడు కాదు.

"ట్యాంకరు మళ్ళీ రావాలండీ, అందులో రెండో మాట లేదు. ఉత్తరం రాద్దాం. కానీ రిపోర్టు తప్పంటే ఎవరి తప్పని అడుగుతారు కదండీ. మీదంటే మీ సంతకం చెల్లకుండా పోద్ది. మీ సంతకం మీదున్న మిగతా నలభై రిపోర్టులూ తిరగేస్తారు. ఆఫీసు మూసుకోవడవే. అదే ఫీల్డులో ఏదో పొరపాటు జరిగిందంటే, ఒక్క సీసాతో పోద్దండీ."

తుకారాం పేరు ఆయన ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

17 ఏప్రిల్

ఉత్తరం నాలుగుసార్లు రాశాను. మొదటిసారి ఉన్నదున్నట్టు రాశాను: శాంపిల్ తీసిన ఉద్యోగి నాకు మూడుసార్లు చెప్పాడు, నేనే వినలేదు. చదువుకుంటే ఒళ్ళు తేలికపడింది. దాన్ని సంచిలో పెట్టుకుని నేరుగా బోర్డు దాకా వెళ్ళాలనిపించింది. అరగంట అలాగే అనిపించింది.

తరవాత నా గురించి ఆలోచించాను. నలభై నాలుగేళ్ళ వయసులో ఇంకో పని రాదు నాకు. ఈ సంతకం తప్ప నా దగ్గర ఏముంది? చర్చిలో, వీధిలో అందరూ "ఇంజనీరుగారు" అని పిలుస్తారు.

నాలుగోసారి రాసిన ప్రతిలో ఒక వాక్యం చేరింది. "ట్యాంకు నుంచి నీళ్ళు పట్టిన విషయం శాంపిల్ తీసిన ఉద్యోగి ఏ దశలోనూ నా దృష్టికి తేలేదు."

ఒక్క వాక్యమే. దాంతో ఉత్తరం నిలబడింది. బస్తీకి నీళ్ళు రావాలంటే ఉత్తరం నిలబడాలి కదా.

18 ఏప్రిల్

ఫీల్డు పుస్తకం నా బీరువాలోనే ఉంది. చించలేదు. బయటికీ తీయలేదు.

21 ఏప్రిల్

ఉత్తరం ఇచ్చేశాను.

6 మే, మంగళవారం

ట్యాంకరు మళ్ళీ షురూ అయింది. లచ్చమ్మ తుకారాం ఫోన్‌లోంచి మాట్లాడింది. "పానీ వచ్చింది సారూ. మీ కడుపు సల్లగుండ" అంది. ఆ మాట విని ఫోన్ ఇచ్చేశాను. బాలమ్మ ఎలా ఉందని అడగలేదు.

తుకారాం మొహంలో ఎంతో సంతోషం. "మీరు రాసిండ్రు కాబట్టే అయింది సార్. నేను పరేషాన్ అయిన, మీరు రాయరేమో అనుకున్న. తప్పుగ అనుకున్న. మాఫ్ చేయుండ్రి."

నేను మాఫ్ చేశాను. "పరవాలేదు తుకారాంగారూ" అన్నాను. ఇవే మాటలు.

9 మే

నరసరాజుగారు తుకారాంకి కాగితం ఇచ్చారట. ఇంగ్లీషులో రెండు ప్రతులు. ఒకటి ఆయన ఉంచుకోవాలి, ఇంకోదాని మీద సంతకం పెట్టి తిరిగి ఇవ్వాలి. నేను మధ్యాహ్నం తలనొప్పని ఇంటికి వచ్చేశాను.

11 మే, ఆదివారం

ఉన్నదున్నట్టు రాస్తాను.

పదకొండింటికి తుకారాం వచ్చాడు. ఇంగ్లీషు కాగితం ఏది వచ్చినా ఆయన నా దగ్గరికే తెస్తాడు. కరెంటు ఆఫీసు నోటీసులు, మనవరాలి బడి కాగితాలు, అన్నీ నేనే చదివి తెలుగులో చెబుతాను. ఈసారీ అలాగే ప్లాస్టిక్ సంచిలోంచి జాగ్రత్తగా తీసి, మడత నలగకుండా టేబుల్ మీద పరిచాడు. ప్రేమమణి టీ పెట్టి ఇచ్చి, మాకు వెనక ఉన్న బల్ల మీద పిల్లల పరీక్ష పేపర్లు దిద్దుకుంటోంది.

చదివాను. మీ ఉద్యోగం ఈ నెలాఖరుతో ముగుస్తుంది. ఇది చెప్పాను. కొత్తకుంట శాంపిల్ విషయంలో పొరపాటు జరిగింది. ఇదీ చెప్పాను. తరవాత నా ఉత్తరంలోని వాక్యం ఉంది, అక్షరం పొల్లుపోకుండా, నా పేరుతో సహా. దాని కింద ఇంకో లైను: పై ఆరోపణ నిజమని అంగీకరిస్తున్నాను.

వాక్యం దగ్గర ఆగకుండా కిందికి వెళ్ళిపోయాను. "మిగతాదంతా నియమాలు" అన్నాను.

ఆయన గడ్డం రుద్దుకున్నాడు. "రెండేండ్లుండె సార్ ఇంకా" అన్నాడు. తరవాత, "పొరపాటు జరిగిందంటే జరిగింది. సీసా నింపింది నేనే గద. నింపకపోతే ఇంత దాకా రాకపోతుండె. ఎవలో ఒకరి మీదికి రావాలె, రాకుంటే పానీ ఎట్ల ఇస్తరు. మీ మీదికి రాలే, గది నయమే. మీరుంటే ఇంకో బస్తీకి రాస్తరు" అన్నాడు.

"గింత పొడుగున్నది, గంతేనా సార్?"

"అంతే."

"ఎక్కడ పెట్టాలె?"

వేలితో చూపించాను. తుకారాం పెన్ను పట్టుకుని, ఫీల్డు పుస్తకంలో రాసినట్టే నెమ్మదిగా, తెలుగులో పేరు రాశాడు. తన ప్రతి సంచిలో పెట్టుకున్నాడు. సంతకం పెట్టిన ప్రతి రేపు ఆఫీసులో ఇవ్వమని నాకిచ్చాడు. గేటు దాకా వెళ్ళి దింపాను. "మీరున్నరని ధైర్యం సార్" అన్నాడు.

లోపలికి వచ్చేసరికి ప్రేమమణి టేబుల్ దగ్గర నిలబడి ఉంది. పేపర్లు దిద్దే ఎర్ర పెన్ను ఇంకా చేతిలోనే ఉంది. కాగితం మొత్తం చదివేసింది. ఏడుస్తుందనుకున్నాను, అరుస్తుందనుకున్నాను. కుర్చీ జరిపి, కూర్చోమన్నట్టు చూసింది.

"నాకూ చదివి వినిపించండి" అంది. "ఆయనకి చదివినట్టే, తెలుగులో."

కూర్చుని చదివాను. ఆవిడ వేలు ఆ వాక్యం కిందే ఉంది. అయినా దాటేశాను.